సీమ దారి: ఓడరేవు నుంచి హీత్రో దాకా

మా తాతల తరంవారు ఇంగ్లండును ఇంగ్లండు అనేవారు కారు, సీమ అనేవారు. అక్కడి నుంచి దిగుమతి అయిన ప్రతి వస్తువుకూ ఆ మాట ముందు తగిలించేవారు. బడిలో నల్లబల్ల మీద రాసేది సీమసున్నం, బజారులో అమ్మేది సీమగుడ్డ, దొర బంగళాలో తాగేది సీమసారా. (సీమచింతకాయ మాత్రం ఇంగ్లండు మొహం ఎరగదు. అది మెక్సికో నుంచి వచ్చింది. పరాయిదల్లా సీమదే అనుకునే రోజులవి.) "ఫలానావారి అబ్బాయి సీమకు వెళ్ళాడట" అని ఊళ్ళో అనుకుంటే, ఆ అబ్బాయిని మళ్ళీ చూస్తామో లేదో అన్న దిగులు సగం ఆ మాటలోనే ఉండేది. అటువంటి సీమకు మనవారు ఏ దారిన వచ్చారు, ఆ దారి ఎలా మారింది, ఇరవై రోజుల ప్రయాణం పది గంటలకు తగ్గినప్పుడు మిగిలిన దూరం ఎక్కడికి పోయింది అన్నది ఈ వ్యాసంలో చెప్పదలిచాను. ఆ దూరం మాయమైందని చాలామంది అనుకుంటారు. నాకు తోచినంతవరకు అది సముద్రం మీద నుంచి లేచి వచ్చి, విమానాశ్రయంలో ఒక బల్ల వెనక కూర్చుంది.

1869లో సూయజు కాలువ తెరిచాక బొంబాయి నుంచి ఇంగ్లండుకు దారి దగ్గరైంది. బెజవాడలోనో రాజమండ్రిలోనో రైలెక్కి బొంబాయి చేరడం, బల్లార్డ్ పియర్‌లో ఓడ ఎక్కడం, ఏడెన్, పోర్ట్ సయ్యద్ రేవులు దాటి మూడు వారాలకు అటూ ఇటూగా లండను దగ్గరి టిల్బరీలో దిగడం, ఇదీ పద్ధతి. ఆంకర్ లైన్ కంపెనీ ఓడలైతే లివర్‌పూల్‌లో దింపేవి. కాస్త తొందర ఉన్నవారు ఇటలీ కంపెనీ ఓడలో వచ్చి, జెనోవాలోనో నేపుల్స్‌లోనో దిగి, అక్కడి నుంచి రైలు పట్టుకునేవారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జికి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోకు, వి.వి. గిరిగారు 1913లో డబ్లినుకు చదువులకోసం ఓడల్లోనే వెళ్ళారు. సముద్రం దాటి వచ్చినవాడు ప్రాయశ్చిత్తం చేసుకుంటే గాని పంక్తిలో కూర్చోనివ్వని ఇళ్ళు అప్పుడు చాలానే ఉండేవి.

ఓడకు ఒక సుగుణం ఉంది. మనిషి మారడానికి అది వ్యవధి ఇచ్చేది. ముల్లూ కత్తీ పట్టడం, టై ముడి వేసుకోవడం, చలికి ఒళ్ళు అలవాటు చేసుకోవడం, మజ్జిగన్నం మీద ఆశ వదులుకోవడం, ఇవన్నీ రేవు రేవుకూ కొంచెం కొంచెంగా జరిగేవి. దిగిన చోట ఆరా కూడా తక్కువే. బ్రిటిష్ ప్రజగా వచ్చినవాడిని, 1948 చట్టం తరువాత కామన్వెల్తు పౌరుడుగా వచ్చినవాడిని, ఎందుకు వచ్చావని ఆపే హక్కు రేవులోని అధికారికి 1962 దాకా లేదు. పాస్‌పోర్టు చేతిలో ఉంటే చాలు.

కాని ఇంట్లో ఏదైనా జరిగితే? కొడుకు ఓడ ఎక్కి ఎడెన్ చేరేలోపలే ఊళ్ళో పదోరోజు అయిపోతుంది. అందుచేత ఎవరూ బయలుదేరేవారు కారు. దూరదేశంలో ఉన్నవాడికి కబురు ఆలస్యంగా అందితే మైల ఎలా పట్టాలో మన ధర్మశాస్త్రాలు ముందే చెప్పి పెట్టాయి. ఎక్కడో అద్దెగదిలో, ఇంటివాళ్ళకు తెలియకుండా, స్నానాల తొట్టిలో తలారా స్నానం చేసి నువ్వులూ నీళ్ళూ వదిలిన తెలుగు విద్యార్థుల చరిత్రను ఎవరూ రాయలేదు.

మనుషుల కంటే ముందు ఉత్తరాలు ఎగిరాయి. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కంపెనీ లండను శివార్లలోని క్రాయిడన్ నుంచి కరాచీకి విమానపు టపా మొదలుపెట్టింది. మధ్యలో కొంత దూరం రైలు, మధ్యధరా సముద్రం మీద నీటిలో దిగే విమానం, ఆ తరువాత మళ్ళీ మామూలు విమానం, మొత్తం ఏడు రోజులు. ఆ టపా కరాచీలో ఆగిపోయేది. దాన్ని ముందుకు తెచ్చింది జె.ఆర్.డి. టాటా. 1932 అక్టోబరు 15న ఆయన చిన్న పుస్‌మాత్ విమానం తానే నడుపుకుంటూ కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేర్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. బళ్ళారి అంటే ఆనాడు మన దత్తమండలాల్లోది. తెలుగువారి నేల మీద సీమ ఉత్తరాల సంచీ ఆకాశం నుంచి మొదట దిగింది అక్కడే. తరువాత ఆ దారి హైదరాబాదు మీదుగా మారింది. పల్లెల్లో జనం దాన్ని గాలిమోటారు అన్నారు. పండితులు పుష్పకం గుర్తు చేసుకుని విమానం అన్నారు. గుళ్ళో గర్భగృహం మీది గోపురాన్ని కూడా విమానమనే అంటాం కాబట్టి ఆ పేరులో ఒక గౌరవం ఉంది గాని, నా ఓటు గాలిమోటారుకే.

ఇక మనుషుల సంగతి. హీత్రో 1946లో మొదలైనప్పుడు ప్రయాణికులు కూర్చున్నది సైన్యం వాడి వదిలేసిన గుడారాల్లో. వానాకాలంలో మన ఊళ్ళో పెళ్ళిపందిరి ఎలా ఉంటుందో అలా ఉండేదట. 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి బయలుదేరి కైరో, జెనీవాల మీదుగా లండను వచ్చింది. అందులో ప్రయాణికులు 35 మంది. ఆ సందర్భానికి స్వతంత్ర భారతం పన్నెండణాల తపాలా బిళ్ళ వేసింది. ఆ జూనులో హైదరాబాదు ఇంకా నిజాం చేతిలోనే ఉంది. చిత్రమేమిటంటే అదే ఏడాది బ్రిటన్‌కూ తెలంగాణకూ మరో ఆకాశమార్గం దొంగచాటుగా నడిచింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాలు సమకూర్చుకుని కరాచీ నుంచి నిజాం రాజ్యానికి రాత్రిళ్ళు ఆయుధాలు చేరవేశాడు. పోలీసు చర్య తరువాత లండను కోర్టు అతనికి జరిమానా వేసింది.

'మలబార్ ప్రిన్సెస్' కథ విషాదంగా ముగిసింది. 1950 నవంబరు 3న ఇదే దారిలో వస్తూ ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంకును ఢీకొని 48 మందితో కూలిపోయింది. వారిలో ఎక్కువమంది ఇంగ్లండులో ఓడ ఎక్కడానికి వస్తున్న నావికులు. పదిహేనేళ్ళ తరువాత, 1966 జనవరి 24న, ఎయిరిండియా బోయింగ్ 'కాంచనజంగ' దాదాపు అదే చోట పడి 117 మంది పోయారు. డాక్టర్ హోమీ భాభా అందులోనే ఉన్నారు. ఆ మంచునది ఇప్పటికీ కరుగుతూ ఆ విమానాల సామాను కిందికి నెడుతూనే ఉంది. 2012లో ఒక దౌత్య సంచీ దొరికింది. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్తతో 1966 నాటి భారతీయ దినపత్రికలు దొరికాయి, అక్షరాలు చెదరకుండా. మన ఇళ్ళల్లో "చేరగానే కబురు చెయ్యి" అనే మాట ఊరికే పుట్టలేదు. "వెళ్తున్నాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలన్న నియమం విమానం కంటే ఎంతో పాతదనుకోండి. విమానాశ్రయంలో దానికి బలం పెరిగింది.

1960లో బోయింగ్ 707 జెట్టు వచ్చాక ప్రయాణం రోజులో తేలిపోయింది. అప్పుడే అసలు కష్టం మొదలైంది.

దేశం వదలడమే ముందు ఒక పెద్ద పని. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజులు. టికెట్టు కొనాలంటే రిజర్వు బ్యాంకు పి-ఫారం మీద ముద్ర పడాలి. పన్ను బకాయి లేదని మరో కాగితం. ఇవన్నీ అయ్యాక వెంట తీసుకుపోవడానికి ఇచ్చేది మూడు పౌనులు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించక ముందు పౌను రేటు పదమూడు రూపాయల చిల్లర కాబట్టి అది నలభై రూపాయలు. విలువ తగ్గించాక పౌను ఇరవైయొక్క రూపాయలైంది. పొలం అమ్మి పంపిన కొడుకు జేబులోనూ మూడు పౌనులే, జమీందారు కొడుకు జేబులోనూ మూడు పౌనులే. ఇంత సమానత్వం మన దేశంలో మరెక్కడా కనిపించలేదని మా నాన్నగారు అనేవారు.

ఆ కాగితాలన్నిటికీ తల్లి పాస్‌పోర్టు. అది పౌరుడి హక్కా, సర్కారు దయా? 1967 దాకా సర్కారు దయే. ఇష్టమైతే ఇస్తారు, లేకుంటే లేదు, కారణం చెప్పనక్కరలేదు. ఈ పద్ధతిని సత్వంత్ సింగ్ సహానీ అనే వ్యాపారి సుప్రీంకోర్టులో సవాలు చేశాడు. 1967 ఏప్రిల్‌లో ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు తీర్పు చెప్పారు. విదేశానికి వెళ్ళడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని సర్కారు కాదనకూడదని మెజారిటీ తీర్పు. దాన్ని వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. ఆ వెంటనే ఆయన పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. గోలక్‌నాథ్ తీర్పు కారణంగా ఆయన పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది గాని, విదేశాల్లో ఉన్న తెలుగువారు ఆయనను తలుచుకోవలసింది ఈ రెండో తీర్పుకు. అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఈ దేశంలో మన సంఘాల సభల్లో ఎందరెందరి చిత్రపటాలకో దండలు వేస్తాం. ఈయన పటం నేనెక్కడా చూడలేదు.

ఇండియా తలుపు తెరుచుకునే వేళకు ఇంగ్లండు తలుపు మూసుకుంటోంది. 1962 జూలై 1 నుంచి కామన్వెల్తు వలసదారుల చట్టం అమలులోకి వచ్చింది. ఉద్యోగం ముందే కుదిరినవారికి ఎ, ప్రత్యేక విద్య ఉన్నవారికి బి, తక్కినవారికి సి అని మూడు రకాల వోచర్లు పెట్టారు. సి రకం కొద్దికాలానికే ఎత్తేశారు. 1965లో మొత్తం వోచర్లను ఏడాదికి 8,500కు కుదించారు. బి రకంలో డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లతోబాటు ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. వైజాగు, గుంటూరు, కాకినాడ, కర్నూలు, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచి మన డాక్టర్లు వచ్చిన కథ అందరికీ విదితమే. ఈ సంచికల్లో అది చాలాసార్లు వచ్చింది. పంతుళ్ళ కథ ఎవరూ చెప్పలేదు. ఉపాధ్యాయుడన్న అర్హత మీద వోచరు ఇచ్చి, దిగాక ఆ అర్హత ఇక్కడ చెల్లదన్న సందర్భాలు అనేకం. మా నాన్నగారు 1965లో అలా వచ్చినవారే. జిల్లా పరిషత్ హైస్కూలులో లెక్కలు చెప్పిన మనిషి నాలుగేళ్ళు ఒక పట్టణంలో బస్సు కండక్టరుగా చిల్లర లెక్కపెట్టారు. తరువాత మళ్ళీ శిక్షణ పొంది బడిలో చేరారు.

మా అమ్మా నేనూ 1968లో వచ్చాం. నాకు ఏడేళ్ళు. క్షయ లేదని చూపడానికి ఛాతీ ఎక్సురే తీయించి, ఆ పెద్ద ఫిల్మును గోధుమరంగు కవరులో పెట్టుకుని, అది వంగకుండా అమ్మ దారి పొడుగునా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. హీత్రోలో బల్ల వెనక ఉన్న అధికారి మర్యాదస్తుడే. నవ్వుతూ అడిగాడు, మీ భర్త పేరేమిటని. అమ్మ మాట్లాడలేదు. దుబాసీగా వచ్చిన సర్దార్జీ హిందీలో అడిగాడు. అమ్మ తల వంచుకుంది. ప్రశ్న ఆమెకు అర్థం కాలేదని వాళ్ళు అనుకున్నారు. ఆమెకు బాగానే అర్థమైంది. మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు ఆ తరం ఆడవాళ్ళకు లేదు, ప్రాణం మీదికి వచ్చినా చెప్పరు. పాస్‌పోర్టులో చూసుకోమన్నట్టు వేలు పెట్టి చూపించింది. సొంత మొగుడి పేరు చెప్పలేని మనిషి అని అధికారి ముఖంలో నవ్వు పోయింది. అప్పుడు నేను, మా తాతగారు బడిలో వల్లె వేయించిన మొదటి ఇంగ్లీషు పాఠంలోని వాక్యం, "మై ఫాదర్స్ నేమ్ ఈజ్" అని ఎత్తుకుని, ఇంటిపేరుతో సహా గట్టిగా అప్పజెప్పాను. ముద్ర పడింది.

ఇటువంటి చిక్కులు మా ఒక్క ఇంటివే అనుకోవడానికి లేదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడ వెనక రావాలి. తండ్రి కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరం, కొడుకు కాగితంలో పూర్తి పేరు, భార్య కాగితంలో అసలు లేనే లేదు. ఒకే ఇంటి నలుగురు నాలుగు ఇళ్ళవారిలా కనబడతారు. ఇక పుట్టినతేదీ ఇంతకంటే పెద్ద తంటా. మా తాతగారి బడిలో పిల్లవాడు కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమచెవి అందుకుంటే అయిదేళ్ళు నిండినట్టు. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి ఆ వయసుకు సరిపోయేటట్టు జూలై 1 అని రిజిస్టరులో వేసేవారు. సగం ఊరు జూలై ఒకటిన పుట్టింది. తల్లిని అడిగితే "దసరా వెళ్ళిన మూడోనాడు, పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటుంది. ఆ మాటా నిజమే. ఆ రిజిస్టరు నుంచి ఎస్సెల్సీ పుస్తకానికి, దాని నుంచి పాస్‌పోర్టుకు ఆ తేదీ పాకి, చివరికి వేల మైళ్ళ అవతల ఒక అధికారి ముందు అబద్ధంలా నిలబడుతుంది.

1969 చట్టంతో కుటుంబాలు రావాలంటే స్వదేశంలోనే ప్రవేశపత్రం తీసుకోవడం తప్పనిసరి అయింది. బ్రిటిష్ కార్యాలయాల్లో భర్తను ఇక్కడ, భార్యను అక్కడ వేరువేరుగా ప్రశ్నించి జవాబులు పోల్చి చూసేవారు. పెళ్ళి ఎన్ని గంటలకు, ఇంట్లో గదులెన్ని, మరిదికి పిల్లలెందరు? మనవాళ్ళ పెళ్ళి తెల్లవారుజామున మూడున్నరకైతే ముందురోజు తేదీ చెప్పేవారొకరు, మర్నాటి తేదీ చెప్పేవారొకరు. పిల్లల వయసు తేల్చడానికి ఎముకలకు ఎక్సురేలు తీసే పద్ధతి ఉపఖండంలో 1982 దాకా సాగింది. 1979 జనవరిలో హీత్రోలో జరిగింది అన్నిటికంటే హీనం. పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన 35 ఏళ్ళ భారతీయ స్త్రీని, ఆమె కన్య అవునో కాదో చూడాలని వైద్యపరీక్షకు గురిచేశారు. ఆమె వృత్తి ఉపాధ్యాయిని. 'గార్డియన్' పత్రిక ఫిబ్రవరి 1న బయటపెట్టాక ఆ పరీక్షలను నిషేధించారు. అది ఒకటే సంఘటన కాదని, కనీసం ఎనభై జరిగాయని చాలా ఏళ్ళ తరువాత ప్రభుత్వ దస్త్రాలు తిరగేసిన పరిశోధకులు తేల్చారు.

1986 అక్టోబరు 15 నుంచి చుట్టపు చూపుగా వచ్చే భారతీయులకు కూడా వీసా ఉండాలన్నారు. ఆ గడువుకు ముందు నాలుగు రోజులు హీత్రో మూడో టెర్మినల్ తిరునాళ్ళలా ఉంది. ఉపఖండం నుంచి వేలమంది ఒక్కసారి దిగారు. వందలమంది కుర్చీల్లో, నేల మీద రాత్రిళ్ళు గడిపారు. అవతలి పక్క కటకటాల దగ్గర చుట్టాలు అన్నం క్యారియర్లతో నిలబడ్డారు. అంతకుముందు మనవాళ్ళ అమ్మానాన్నలు టికెట్టు కొనుక్కుని వచ్చేసేవారు. ఆ తేదీతో ఆ కాలం వెళ్ళిపోయింది.

టికెట్లు మాత్రం చవకవుతూ వచ్చాయి. 1971లో ఎయిరిండియా జంబో 'ఎంపరర్ అశోక' దిగినప్పుడు దాని గోడల మీది చిత్రాలు చూసి మురిసిపోయినవాళ్ళే, డబ్బు లేనప్పుడు మాస్కో మీదుగా ఏరోఫ్లోట్‌లో వెళ్ళారు. ఎలా వెళ్ళినా దిగేది బొంబాయిలో. అసలు ప్రయాణం అక్కడ మొదలయ్యేది. శాంతాక్రజ్‌లో దిగి, సుంకాల వారి ముందు పెట్టె తెరిచి, టాక్సీ పట్టుకుని రైలుస్టేషనుకు పోయి, రిజర్వేషను లేని బండిలో పెట్టె మీద కూర్చుని హైదరాబాదుకు, అక్కడి నుంచి కృష్ణాజిల్లాకో కరీంనగరుకో ఎర్రబస్సు. లండను నుంచి బొంబాయికి పట్టిన కాలం కంటే బొంబాయి నుంచి ఊరికి ఎక్కువ పట్టేది.

టెలిగ్రాం వచ్చిననాడు ఈ లెక్క గుండెలో గుచ్చుకునేది. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." సీరియస్ అని వస్తే అప్పటికే అయిపోయిందని అందరికీ తెలుసు. చదివినవాడికీ తెలుసు, అయినా సీరియస్ అనే నమ్ముతూ బయలుదేరేవాడు. న్యూ బాండ్ స్ట్రీట్‌లోని ఎయిరిండియా ఆఫీసు ముందు తెల్లవారకుండానే నిలబడినవారిని నేనెరుగుదును. దహనానికి అందేది లేదు. పదోరోజుకు అందుతామా అన్నదే ప్రశ్న. ఓడల నాటివారికి ఆ ఆశ లేదు కాబట్టి ఆ ఆరాటమూ లేదు. విమానం ఆశ పుట్టించింది. ఆ ఆశతోబాటు, అందుకోలేకపోతే తప్పు మనదే అన్న బాధ కూడా తెచ్చింది.

2008 మార్చి 23న బేగంపేట మూతపడి శంషాబాదు తెరుచుకుంది. ఆ ఏడాది చివర బ్రిటిష్ ఎయిర్‌వేస్ హైదరాబాదు నుంచి హీత్రోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. దాదాపు పది గంటలు. బేగంపేట అంటే ఇళ్ళ మధ్య ఉన్న విమానాశ్రయం. సాగనంపడానికి ఊరి నుంచి జీపుల్లో ముప్ఫైమంది వచ్చి, దండలు వేసి, ఏడ్చి, బయట టీ తాగి వెళ్ళేవారు. శంషాబాదులో ఏడవడానికి కూడా చోటు దూరంగా ఉంది. అయినా చాలామంది ఇప్పటికీ దుబాయి మీదుగా వస్తారు. అక్కడ హైదరాబాదు విమానం గేటు దగ్గర కూర్చుంటే నిజామాబాదు తెలుగు, కోనసీమ తెలుగు, కడప తెలుగు పక్కపక్కనే వినబడతాయి. ఎడారిలో మేస్త్రీపని చేసి మూడేళ్ళకు ఇంటికి పోతున్నవాడు, లీడ్స్‌లో పని చేసే డాక్టరు ఒకే వరసలో. పదో తరగతి పాసవ్వనివాడి పాస్‌పోర్టుకు 1983 వలస చట్టం ప్రకారం వేరే తనిఖీ ఉంది. ఒక్క పరీక్ష మనిషి దారిని రెండుగా చీల్చడం అక్కడ కళ్ళారా చూడవచ్చు. మా వృత్తివారికి ఆ వరసలో కూర్చోవడం అంత సుఖంగా ఉండదు.

ఆవకాయ గురించి చెప్పకపోతే పాఠకులు క్షమించరు. 2006 ఆగస్టు 10న హీత్రోలో పేలుడు కుట్ర బయటపడ్డాక ద్రవపదార్థాలు చేతిసంచీలో నిషేధించారు, తరువాత వంద మిల్లీలీటర్ల సీసాలకు సడలించారు. ఆవకాయ ద్రవమా ఘనమా? ముక్క ఘనం, ఊట ద్రవం, మీద తేలే నూనె ద్రవం. తనిఖీ దగ్గర ఈ మీమాంస చేసి గెలిచినవారు లేరు. జాడీ చెత్తబుట్టలోకి పోతుంటే చూడలేక మొహం తిప్పుకున్న అత్తగార్లు ఎందరో. పాలకోవా, నెయ్యి పాలవస్తువులు కనుక ఆ దారి కూడా మూసే ఉంది.

ఆ తరువాత కరోనా వచ్చింది. 2021 ఏప్రిల్ 23 నుంచి ఆగస్టు 8 దాకా ఇండియా ఎర్ర జాబితాలో ఉంది. వెళ్తే తిరిగి రావడానికి ఇక్కడి పౌరులకైనా పది రోజులు హోటలు నిర్బంధం, మనిషికి 1,750 పౌనులు. వీసా మీద ఉన్న చాలామందికి తిరిగి వస్తామన్న నమ్మకమే లేదు. మే నెలలో మన ఊళ్ళల్లో మనుషులు రాలిపోతున్నారు. విమానం ఉంది, దారి పది గంటలే, టికెట్టుకు డబ్బు ఉంది. కొడుకులు కూతుళ్ళు ఇక్కడ గదుల్లో కూర్చుని చేతిఫోనులో చితి చూశారు. అద్దెగదిలో నువ్వులూ నీళ్ళూ వదిలిన పాతకాలపు విద్యార్థికీ వీరికీ మధ్య ఎంత తేడా ఉందో నాకు చెప్పడం రాదు.

పెద్దవాళ్ళను ఇక్కడికే తెచ్చుకుందామంటే 2012 జూలైలో వచ్చిన నిబంధనలు ఆ దారిని దాదాపు మూసేశాయి. ఒంటి పనులు కూడా సొంతంగా చేసుకోలేని స్థితిలో ఉండి, ఆ సేవ స్వదేశంలో ఎంత డబ్బిచ్చినా దొరకదని రుజువు చేస్తే తప్ప, తల్లిదండ్రులు స్థిరపడడానికి రాలేరు. చూసిపోవడానికి ఆరునెలలు. అందుచేత ఇవాళ హైదరాబాదు విమానం దిగేవారిలో వృద్ధ దంపతులు ఎక్కువ. చక్రాల కుర్చీలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో కూర్చున్నవారిలో చాలామంది ఊళ్ళో పొలం గట్లంట నడిచేవారే. కాళ్ళు బాగానే ఉన్నాయి, భాషే నడవదు. కుర్చీ అడిగితే తోసే మనిషి ఉంటాడు, అతడు బల్ల దాటిస్తాడు, పిల్లల చేతికి అప్పగిస్తాడు. ఎవరు కనిపెట్టారో గాని గొప్ప ఉపాయం. 2025 జూన్ 12న అహమ్మదాబాదు నుంచి గాట్విక్‌కు బయలుదేరిన విమానం కూలి, అందులోని 242 మందిలో ఒక్కరే బతికిన తరువాత, ఆ వేసవిలో రావలసిన ముసలివాళ్ళు కొందరు మానుకున్నారు. ఎక్కువమంది దేవుడికి దండం పెట్టుకుని ఎక్కారు. మనవల్ని చూడాలంటే మరో దారి ఏది?

మా సాయంకాలపు తెలుగు తరగతిలో నిరుడు ఒక అభ్యాసం ఇచ్చాను. ఊరి నుంచి ఒంటరిగా వస్తున్న అమ్మమ్మకు హీత్రోలో ఎలా నడవాలో తెలుగులో రాసి పంపమని. అందరూ ఏవేవో రాశారు. పదకొండేళ్ళ పిల్ల రాసింది, ఒత్తులు రెండు నేను దిద్ది ఇక్కడ ఇస్తున్నాను:

"అమ్మమ్మా, విమానం దిగాక అందరితో నడు. పసుపు బోర్డు వెంట రా. ఊదారంగు బోర్డు మనది కాదు, అది ఇంకో విమానం ఎక్కేవాళ్ళది. బల్ల దగ్గర ఆయన ఎన్నాళ్ళు ఉంటావని అడుగుతాడు. టికెట్టు చూపించు. తాతయ్య పేరు అడిగితే చెప్పెయ్యి, పరవాలేదు. నేను ఎర్ర స్వెట్టరు వేసుకుని ముందు నిలబడతాను."